దీపమును ప్రక్కకు జరిపి

మా తాతగారు తాటాకుల పుస్తకము చదువుటకు కూర్చున్నప్పుడు దీపమును ఎదుట పెట్టుకొనెడివారు కారు. పీట మీద ఆకును పరచి, ప్రమిదను దానికి కుడిప్రక్కగా, ఇంచుమించు ఆకు మట్టమునకే దించి, వత్తిని కొంచెము ఎగదోసి, అటుపిమ్మట కండ్లద్దములు సవరించుకొనెడివారు. చిన్ననాడు నాకిది వారి చాదస్తములలో ఒకటిగా తోచెడిది. ఒకనాడు వారికి మేలు చేయుచున్నాననుకొని నేనే ఆ ప్రమిదను ఎత్తి గూటిలో పెట్టగా, ఆకు మీది అక్షరములన్నియు ఒక్కసారిగా మాయమై, వట్టి గోధుమవన్నె పట్టీ ఒకటి మిగిలినది. తాతగారు కోపపడలేదు. దీపమును మరల క్రిందికి దించి, "ఇప్పుడు చూడరా" అనిరి. గంటముతో గీచిన ప్రతి గీతయు ఒక సన్నని కాలువ. ప్రక్కనుండి వచ్చు వెలుతురునకు ఆ కాలువ గట్టు ఒకటి మెరయును, రెండవది నీడలో పడును. ఆ మెరుపునకును ఆ నీడకును నడుమ అక్షరము లేచి నిలుచును. అప్పటికిని లొంగని ఆకులకు పసరులో కలిపిన దీపపు మసిని గుడ్డతో పట్టించి వెంటనే తుడిచివేసెడివారు. పైనున్న మసి గుడ్డకు అంటుకొని పోయెడిది, కాలువలోని మసి నిలిచిపోయెడిది.

ఒక విశ్వవిద్యాలయములో పరిశోధకులకు డిజిటల్ చిత్రములు తీసిపెట్టుచు, తీసిన చిత్రములను కంప్యూటరు మీద కొలిచిపెట్టుచు ఉండు గదిలో ఇరువది యేండ్లకు పైగా పనిచేసినవాడను నేను. ఆ గదిలో వెల చెప్పిన గుండె గుభేలుమనునట్టి యంత్రములు కలవు. కాని అవి చేయు పని యెంత విడమరచి చూచినను తాతగారు చేసిన ఆ రెండు పనులే: దీపమును తగిన చోట పెట్టుట, కనబడని కాలువలో మసి నింపుట. చిత్రములను గూర్చి రేడియోలో మాటలాడవలెననగా మొదట నవ్వు వచ్చిన మాట నిజమే. కాని ఆలోచింపగా, మా గదికి వచ్చువారిలో సగముమందికి నేను మొదట చెప్పవలసిన మాట కూడ చిత్రమును కాసేపు చూడకుడనియే గదా! మీరు చూడలేకుండుటయే నేడు నాకు కలిసివచ్చినది.

ఏలననగా డిజిటల్ చిత్రమనునది పుట్టుకచేత బొమ్మ కాదు, లెక్క. 1957వ సంవత్సరమున అమెరికాలో రసెల్ కిర్ష్ అను ఇంజనీరు మూడు నెలల వయసుగల తన కుమారుని ఫొటోను ఒక డోలు వంటి దానికి చుట్టి, దానిని త్రిప్పుచు, ఒక్కొక్క చోటినుండి ఎంత వెలుతురు తిరిగి వచ్చుచున్నదో కొలిచి కంప్యూటరునకు ఎక్కించెను. అడ్డముగా 176 గళ్లు, నిలువుగా 176 గళ్లు. వెరసి ముప్పదివేలకు పైచిల్లర గళ్లు. కంప్యూటరులో నిలిచిన తొలి ఫొటో అదియే. అయితే నాకు ముచ్చట గొలుపునది ఆ పసివాని ముఖము కాదు, అది పుట్టిన చోటు. కిర్ష్ పనిచేసినది అమెరికా ప్రభుత్వపు జాతీయ ప్రమాణ సంస్థలో. అనగా గజముబద్ద యెంత పొడవుండవలెనో, తూనికరాయి యెంత బరువుండవలెనో నిర్ణయించునట్టి కచేరీలో. కొలతలకు ముద్రవేయు ఇంట పుట్టిన బిడ్డ ఈ డిజిటల్ చిత్రము. తరువాతి కాలమున అది పెండ్లిండ్లకును, విహారయాత్రలకును, ప్రతివారి జేబులోనికిని వలసపోయి తన యింటిపేరు మరచిపోయినది.

ఆ వలసకు దారి వేసినది రాచెస్టరు నగరము. న్యూయార్కు రాష్ట్రములోని ఆ యూరు కొడాకు కంపెనీకి పుట్టినిల్లు. అచ్చటనే 1975లో స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు చేతితో ఎత్తదగిన డిజిటల్ కెమెరాను మొట్టమొదట కట్టెను. మూడున్నర కిలోల బరువుగల ఆ పెట్టె నూరు గళ్ల అడ్డము, నూరు గళ్ల నిలువుగల బొమ్మ నొకదానిని క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించుటకు ఇరువదిమూడు సెకనులు తీసికొనెడిది. ఆ యూరిలోనే గల రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అను విద్యాసంస్థలో చిత్రణశాస్త్రమునే ప్రత్యేకశాస్త్రముగా చదివించెడి శాఖ యొకటి కలదు. ఆ శాఖలో ఆచార్యుడుగా పనిచేసిన రోజర్ ఈస్టన్ పనిని మీకు కొంచెము నింపాదిగా చెప్పవలెను. మా వంటివారి వృత్తికి అంతకంటె మంచి ఉదాహరణము నాకు తెలియదు.

క్రీస్తుశకము పదవ శతాబ్దమున కాన్‌స్టాంటినోపుల్ నగరములో ఒక లేఖకుడు ఆర్కిమిడీస్ గణితగ్రంథములను చర్మపత్రముల మీద ప్రతి వ్రాసెను. చర్మము వెలగలది, పారవేయదగినది కాదు. కావుననే 1229 ప్రాంతమున మరియొక లేఖకుడు ఆ పత్రముల మీది గణితమును గీకి, కడిగి, వాటిని అడ్డముగా త్రిప్పి మడిచి, పైన ప్రార్థనలు వ్రాసికొనెను. పలక తుడిచి మరల దిద్దుట వంటిదే అనుకొనుడు. పలక మీదను పాత అక్షరము నీడగా మిగులుట మనమెరిగినదే. 1906లో హైబెర్గ్ అను డేనిష్ పండితుడు భూతద్దముతో ఆ నీడలను చాలవరకు చదివెను. అటుపిమ్మట ఆ పుస్తకము కనబడకుండ పోయి, బూజుపట్టి, ఏ మహానుభావుడో వెల పెంచుకొనుటకు నాలుగు పుటల మీద బంగారురంగు దొంగబొమ్మలు కూడ పులిమిన పిమ్మట, 1998 అక్టోబరులో వేలమున ఇరువది లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. కొన్నవాడు తన పేరు వెల్లడింపక దానిని బాల్టిమోరులోని వాల్టర్స్ కళామ్యూజియమునందుంచి, దానిని చదివించు పనికి ధనమిచ్చెను.

ఈస్టను, అతనితో కూడిన కీత్ నాక్స్, విలియం క్రిస్టెన్స్-బ్యారీ అనువారును చేసిన పనిలో మొదటిది తాతగారి పనియే; దీపమును జరిపిరి. అయితే వారు చోటు మార్చుటతో ఆగక వన్నెను మార్చిరి. ఆ చర్మము మీద అతినీలలోహిత కాంతి పడినప్పుడు చర్మమే నీలికాంతితో మిణుకుమిణుకుమని వెలుగును. సిరా ఉన్నచోట, సిరా కడిగిన మరక ఉన్నచోట కూడ, ఆ వెలుగు అణగి చీకటిగా కనబడును. కాబట్టి ఆ కాంతిలో ప్రార్థనయు గణితమును రెండును నల్లగా తేలి, ఒకదానితో ఒకటి పెనవేసికొని, చదువువానికి తలనొప్పి తెచ్చును. ఎర్రని కాంతిలోనన్ననో, ఎరుపువన్నెకు తిరిగిన పాత మరక చర్మములో కలిసిపోయి ఇంచుమించు మాయమగును. పైనున్న ప్రార్థన మాత్రమే నల్లగా నిలుచును. ఒక దీపము రెంటిని చూపును, మరియొక దీపము ఒక్కదానినే చూపును. నాక్స్ చేసిన ఉపాయము వినుడు. కంప్యూటరు తెర మీది ప్రతి చిత్రమును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పలుచని తెరలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. ఎర్రకాంతిలో తీసిన చిత్రమును ఎర్రతెరలోను, అతినీలలోహితములో తీసినదానిని తక్కిన రెండు తెరలలోను అతడు నింపెను. ప్రార్థన మూడు తెరలలోను చీకటియే గనుక నల్లగా మిగిలినది. గణితము ఎర్రతెరలో వెలుగు, తక్కినవానిలో చీకటి గనుక ఎర్రగా మండినది. పండితుడు ఇక ఎర్రని అక్షరమును పట్టుకొని చదువుకొనుటయే.

ఆ ఎరుపు చర్మము మీద లేదు, ఎన్నడును లేదు. ఇది అబద్ధమా అని నన్నడిగినవారున్నారు. అబద్ధము కాదు, ఏలననగా ఎర్రని చోట యేమి కొలువబడెనో, ఏ లెక్కచేత అది ఎరుపైనదో, ఎవరైనను వెనుకకు నడచి సరిచూచుకొనవచ్చును. బంగారు దొంగబొమ్మల క్రింది పుటలకు ఈ ఉపాయము చాలలేదు. 2005లో ఆ పుటలను కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ సింక్రోట్రాన్ యంత్రమునకు కొనిపోయి, సన్నని ఎక్స్‌రే కిరణముతో పుటనంతయు గంటల తరబడి గాలించిరి. సిరాలోని ఇనుము ఆ కిరణము తగిలిన చోట తనదైన కాంతిని వెలిగ్రక్కగా, ఏయే చోట ఎంత ఇనుమున్నదో పటము గీచిరి. రంగుపూత క్రిందినుండి ఆర్కిమిడీస్ అక్షరము ఇనుపలెక్కగా బయటపడెను! 2008లో ఆ మూలచిత్రములన్నింటిని, ఉత్త చిత్రములను, లెక్కించిన చిత్రములను గూడ, ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చునని లోకమున పెట్టిరి. ఆ చివరి పనియే నాచేత వారికి చేతులెత్తి మ్రొక్కించినది.

ఆ ఈస్టను, నాక్సులే, ఈస్టను పనిచేసిన విద్యాసంస్థలో నాడు ఆచార్యుడైన పి.ఆర్. ముకుంద్ వెంట మన దేశమునకు వచ్చి, 2006లో ఉడిపిలో మధ్వాచార్యుల సర్వమూల గ్రంథములు గల తాళపత్రములను చిత్రించిరి. ముప్పదియారు గ్రంథములు, సుమారు ఏడువందల యేండ్ల నాటివిగా చెప్పబడుచున్న ఆకులు. ఆకు నల్లబడినది, మసి నల్లనిదే. నలుపు మీద నలుపును కన్ను చదువజాలదు. కాని కంటికానని పరారుణ కాంతిలో, ముదిరిన ఆకు తన నలుపును వదలి వెలవెలబోవును. మసి యనగా బొగ్గు, అది పరారుణమును గూడ మ్రింగివేయును. కావున అక్షరము కొత్తగా పసరు పట్టించినట్లు నల్లగా తేలును. పొడవైన ఆకులను తునుకలు తునుకలుగా తీసి కంప్యూటరులో అతికిరి. మన తాళపత్రములు తిరుపతి ప్రాచ్యపరిశోధనాలయమునను, బ్రౌను దొర ప్రోగుచేసిన ప్రతులు చేరిన మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారమునను, తంజావూరు సరస్వతీమహలునను కట్టలు కట్టలుగా కలవు. వానికి కెమెరాలు కొరవడలేదు. ఏ ఆకునకు ఏ దీపమో ఓపికగా పరీక్షించి చూచు మనుష్యులు కొరవడినారని నా మనవి.

అయినను మా గదికి వచ్చువారిలో గ్రంథములవారు తక్కువ, జీవశాస్త్రమువారు మెండు. ఉదయము తొమ్మిదింటికి ఒక విద్యార్థిని గాజుపలకల పెట్టెతో వచ్చును. పలక మీద ఎలుక మెదడు నుండి కోసిన, వెండ్రుకకంటె పలుచని పొర. కణముల కేంద్రకములకు డాపి అను రంజకము పట్టించియుండును. సూక్ష్మదర్శినిలో అతినీలలోహితము తగులగానే అవి నల్లని ఆకాశమున నీలిచుక్కలవలె వెలుగును. ఆమెకు కావలసినది ఒక్కటే: మందు ఇచ్చిన ఎలుక పొరలో ఎన్ని కేంద్రకములు, ఇవ్వనిదాని పొరలో ఎన్ని? లెక్కించు సాఫ్ట్‌వేరు ఉచితము. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన వేన్ రాస్‌బాండ్ 1987లో మొదలిడి, 1997లో ఇమేజ్-జే అను పేర కొత్తరూపమిచ్చి, ప్రపంచమునకు ధారపోసిన పనిముట్టు అది. మీట నొక్కిన అంకె వచ్చును. తంటా యంతయు మీట నొక్కుటకు ముందే కలదు.

చిత్రములోని గడిగడికిని ఒక అంకె గదా. సున్న యనగా కటికచీకటి, 255 అనగా గడి పట్టినంత వెలుగు. ఏ అంకెకు పైబడినదానిని కేంద్రకమందుము, ఏ అంకెకు దిగువదానిని చీకటి యందుము? ఆ హద్దును త్రెషోల్డు అందురు. మా యూళ్లలో ధాన్యము కొలుచుట చూచినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు: కుంచము అదియే, గింజలవియే, గోపురముగా పోసి కొలిచిన ఒక లెక్క, అంచున చేతితో సమముగా తుడిచి కొలిచిన మరియొక లెక్క. అప్పు ఇచ్చునాడు తుడిచి, తీర్చుకొనునాడు గోపురముగా కొలిచిన ఆసాములను గూర్చి కథలు వినియున్నాము. మందు ఇచ్చిన ఎలుకకు ఒక హద్దు, ఇవ్వని ఎలుకకు మరియొక హద్దు పెట్టినవాడును ఆ ఆసామికి దగ్గరి చుట్టమే. అయితే వీడు సాధారణముగా తెలియకయే ఆ పని చేయును. అందుచేతనే హద్దును మనిషి ఇష్టమునకు విడువక అంకెల నుండియే తేల్చు సూత్రములు పుట్టినవి. వానిలో జపానుదేశపు నొబుయుకి ఓత్సు 1979లో ప్రకటించినది నేటికిని మాకు నిత్యోపయోగము.

ఇక అంటుకొనియున్న కేంద్రకముల సంగతి. రెండు చుక్కలు తాకియున్నచో కంప్యూటరు వానిని ఒకటిగా లెక్కపెట్టును. దీనికొక చక్కని ఉపాయము కలదు. చిత్రమును గుంటలు, మిట్టలు గల నేలగా భావింపుమని కంప్యూటరునకు చెప్పుదుము; ప్రతి కేంద్రకము ఒక గుంట. ప్రతి గుంటలో అడుగునుండి నీరు ఊరించినట్లు లెక్క కట్టుచు పోగా, రెండు గుంటల నీళ్లు ఎచ్చట కలియబోవునో అచ్చట ఒక గట్టు వేయును. ఆ గట్టే రెండు కేంద్రకముల సరిహద్దు. పొలము తగవులకు కరణముగారి గొలుసుకంటె ఇది నయమని మా గదిలో ఒక హాస్యము. అయినను అతిగా గట్లు వేసి ఒక్క కేంద్రకమును మూడుచెక్కలు చేయు దినములు కలవు. కనుక యంత్రపు లెక్కకు ప్రక్కన, కొన్ని చిత్రములనైనను, ఏది ఏ ఎలుకదో చెప్పకుండ మరియొకరిచేత చేతితో లెక్కపెట్టించుట మా ఆచారము. విద్యార్థులు దీనికి విసుగుకొందురు. విసుగుకొననిండు.

వెలుతురు చాలదని కొందరు దీపమును మితిమీరి పెంచుదురు. ఒకసారి గడి 255కు ముట్టినదో, అటుపై దాని లెక్క పోయినట్లే. నిండిన బిందెలో ఇంకను ఎన్ని చెంబులు పోసితివో బిందె చెప్పునా? మరికొందరు సూక్ష్మదర్శిని కంటిగాజునకు జేబులోని ఫోను ఆనించి తీసిన జేపెగ్ చిత్రమును తెచ్చి కొలిచిపెట్టుమందురు. ఆ ఫోను మీకు సంతోషము కలిగించుటకు అంచులను పదును చేసినది, చీకట్లను నునుపు చేసినది, ఎనిమిది గళ్లకు ఎనిమిది గళ్ల తునుకలుగా కోసి, కన్ను పట్టలేని వివరమును పారవేసి మూటకట్టినది. చూచుటకు అది మా చిత్రముకంటె అందముగానే ఉండును; నేను కాదనను. కొలుచుటకు మాత్రము పనికిరాదు.

అందమునకై చేసిన దిద్దుబాటు ఎచ్చట ఆగవలెననునది పెద్ద చిక్కు. 2002 నుండి ది జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ అను పత్రికలో మైక్ రాస్నర్ పూనికచే, అంగీకరించిన వ్యాసములలోని చిత్రములను ప్రకటించుటకు ముందు పరీక్షించు పద్ధతి వచ్చినది. చిత్రమునంతటిని సమానముగా వెలిగింపవచ్చును. ఒక్క మూలను మాత్రమే వెలిగించుట, ఒక్క మచ్చను చెరుపుట తగదు. 2016లో ఎలిజబెత్ బిక్ అను శాస్త్రవేత్త తన సహచరులతో ప్రకటించిన పరిశీలన మా వృత్తివారిని ఉలికిపడజేసినది: 40 పత్రికలలోని 20,621 వ్యాసములను కంటితోనే పరికింపగా, నూటికి 3.8 వ్యాసములలో ఒకే చిత్రము రెండుచోట్ల వేరువేరు ప్రయోగముల పేర దర్శనమిచ్చుట వంటి దోషములు కనబడినవి. వానిలో కనీసము సగమునందు బుద్ధిపూర్వకమైన మార్పు జాడలున్నవి. తక్కినవి పొరపాట్లు కావచ్చును. ఫైలుకు పేరు పెట్టుట తెలియకపోవుట కూడ కావచ్చును. నా అనుభవమున, "కొత్తది", "కొత్తది-2", "అసలు చివరిది" అను పేర్లుగల ఫైళ్లే అనర్థములకు మొదలు.

ఒక సంగతి చెప్పక తప్పదు. ఎక్కడనని అడుగకుడు, ఒక విద్యాలయములో కోట్లు పోసి కొన్న సూక్ష్మదర్శినిని చూడబోయితిని. గది చల్లగా ఉన్నది, యంత్రము మీద పట్టుచీర వంటి ముసుగు కప్పియున్నది, ముసుగు మీద కుంకుమబొట్టు గూడ ఉన్నది. నడుపువాడు లేడు. ఆ ఉద్యోగమునకు మంజూరు రాలేదట. యంత్రమునకు ఒక పద్దు, మనిషికి వేరొక పద్దు గదా! ఆయుధపూజకు మాత్రము ఏటేట లోపము చేయలేదని అచ్చటి బంట్రోతు సగర్వముగా చెప్పెను.

మా తాతగారు గతించిన చాల కాలమునకు, అటక మీది కట్టలో మిగిలిన ఆకులలో కెల్ల నల్లనిదానిని, వారు మసి పట్టించియు చదువలేక ప్రక్కన పెట్టినదానిని, ఒక సాయంకాలము మా గదిలో పనులన్నియు ముగిసిన పిమ్మట నల్లమఖమలుగుడ్డ మీద పరచి, పరారుణపు కెమెరా క్రింద పెట్టితిని. దీపమును, అలవాటు కొద్దీ, ప్రక్కకే పెట్టితిని. తెర మీద ఆకు తెల్లబడి అక్షరములు తేలినవి. శతకమో, వైద్యమో అని ఆశపడితిని గాని అది అప్పుచీటి. ఎవరికో ఇచ్చిన ధాన్యము ఏడు తూములనియు, కొలిచినది మా కుంచముతోననియు స్పష్టముగా ఉన్నది. గోపురముగానో, తుడిచియో చెప్పలేదు. తీర్చినారో లేదో ఉండవలసిన భాగమును పురుగు తినివేసినది. అచ్చట పరారుణమునకు గాని, అతినీలలోహితమునకు గాని చూపుటకేమియు లేదు. రంధ్రము గుండ మఖమలు కనబడుచున్నది. ఆ గళ్ల అంకెలు సున్నకు దగ్గరగా ఉన్నవి. ఆ చిత్రమునందు వెలుగు నీడలేవియు మార్పక, తేదీ వేసి, దీపపు వివరములు వ్రాసి, మూలఫైలుగా దాచితిని.